దొరగారు ఎక్కితే ఆగే కారు

నల్లకోట జమీందారుగారి పాత కారుకి వింత జబ్బు పట్టుకుంది. డ్రైవరు మస్తాను ఒక్కడే తిప్పితే గుర్రంలా పరిగెత్తేది. దొరగారు వెనక సీట్లో కూర్చుంటే మాత్రం మైలు దాటకుండా ఆగిపోయేది.

“నేనేం చెయ్యలేదు దొరా! దానంతటదే ఆగింది!” అని మస్తాను నెల రోజులుగా మొత్తుకుంటున్నాడు.

“నేనెక్కినప్పుడే ఆగుతుందా? కావాలనే ఆపుతున్నావు. రేపటి నుంచి పనిలోకి రాకు!” అన్నారు దొరగారు.

ఆ సాయంత్రం మస్తాను ఇంజను అంతా వెతికి, చివరికి వెనక సీటు ఎత్తాడు. ఇంజనుకి పెట్రోలు తోడే పంపుకి వెళ్లే వైరు దాని కింద నలిగిపోయి ఉంది. దొరగారిలాంటి భారీ మనిషి కూర్చుంటే పంపుకి కరెంటు ఆగుతుంది, ఇంజనులో మిగిలిన పెట్రోలు అయిపోగానే కారు నిలిచిపోతుంది; మనిషి లేస్తే కరెంటు వస్తుంది. వైరు మార్చేస్తే కారు బాగుపడుతుంది గానీ తన మీద పడ్డ నింద పోదు. సీటు మళ్లీ యథాప్రకారం దించేశాడు.

పొద్దున్నే వెళ్లి, “వెళ్లిపోయే ముందు ఒక్క కోరిక దొరా. ఇవాళ మీరే నడపండి. మీ చోట దివానుగారు కూర్చుంటారు. నేను ముందు సీట్లో చేతులు కట్టుకుని కూర్చుంటాను” అన్నాడు.

దొరగారు సరేనని స్టీరింగు పట్టారు. దివానుగారూ దొరగారంత భారీ మనిషే. ఊరు దాటకముందే కారు ఆగింది.

“ఏం చేశారు దొరా?” అన్నారు దివానుగారు కంగారుగా.

“నేనేం చెయ్యలేదయ్యా! దానంతటదే ఆగింది!” అని దొరగారు అరిచారు.

మస్తాను కట్టుకున్న చేతులు విప్పి, జేబులోంచి కొత్త వైరు తీశాడు.

“నెల నుంచీ నేను చెబుతున్నదీ అదే దొరా. ఇక సీటు ఎత్తమంటారా?”