తీతువు గుడ్లూ గుహల ధరలూ

నల్లబండల అడవిలో ఎలుగుబంట్లు, కొండముచ్చులు, కుందేళ్ళు, జింకలు, ముళ్ళపందులు కాపురముండేవి. అడవి నడుమ ఒక వాగు పారేది. వాగు ఒడ్డున ఉన్న చదును బండ మీద వారం వారం సంత జరిగేది. అవతలి వెదురు అడవి నుంచీ, తూర్పు గడ్డి మైదానం నుంచీ కూడా జంతువులు అక్కడికి వచ్చేవి. ఇప్పపువ్వు ఇచ్చి తేనె పుచ్చుకునేవి. దుంపలు ఇచ్చి ఉసిరికాయలు పుచ్చుకునేవి.

వాగు గట్టులో బొరియ తవ్వుకుని సూదమ్మ అనే ముళ్ళపంది ఉండేది. ఆమెకు ఇద్దరు పసిపిల్లలు. వానాకాలంలో వాళ్ళను వదిలి బురదలో తిరగడం కుదరదు. అందుకని వేసవంతా కష్టపడి దుంపలు తవ్వి, బొరియ లోపలి గదిలో నింపింది. మూడు నెలలకు సరిగ్గా సరిపోతాయి. ఒక్క పూటకు కూడా ఎక్కువ లేవు.

సంతలో అన్నిటికన్నా ఎత్తైన రాయి మీద జంగయ్య అనే కొండముచ్చు కూర్చునేవాడు. రాబోయే రోజులు ఎలా ఉంటాయో చెప్పడం అతని పని. మూడేళ్ళ క్రితం వానలు ఆలస్యమవుతాయన్నాడు, అలాగే అయ్యాయి. ఆ తరవాత ఇంకా చాలా చెప్పాడు. వాటిలో ఎన్ని నిజమయ్యాయో ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

మృగశిర కార్తె ఇంకా వారం ఉందనగా, జంగయ్య రాయి మీద నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"తీతువు ఈసారి గుట్ట నెత్తిన గుడ్లు పెట్టింది. నా కళ్ళతో చూశాను."

తీతువు వాగు ఇసుకలో గుడ్లు పెడితే వానలు తక్కువనీ, గుట్ట మీద పెడితే వరద వస్తుందనీ ఆ అడవిలో అందరి నమ్మకం.

"అంటే బొరియలన్నీ మునుగుతాయా?" అని ఒక కుందేలు అడిగింది.

"బొరియలా? ఈ బండే మునుగుతుంది. గుహ ఉన్నవాడే బతుకుతాడు."

గుట్ట మీది గుహలన్నీ ఒక ఎలుగుబంటివి. పొద్దున గుహకు ఒక కుప్ప ఇప్పపువ్వు ధర. మధ్యాహ్నానికి మూడు కుప్పలైంది. పొద్దు వాలేసరికి ఏడు. కొంగలు ఆ కబురును వెదురు అడవికీ, గడ్డి మైదానానికీ మోసుకెళ్ళాయి. మర్నాడు అక్కడి జంతువులు కూడా ఉన్నదంతా మూట కట్టుకుని గుట్టకు పరుగెత్తాయి. వారం కిందట కుప్ప దుంపలకు కుప్ప ఉసిరికాయలు వచ్చేవి. ఇప్పుడు ఆ దుంపలకు గుప్పెడు ఉసిరికాయలు ఇచ్చేవాళ్ళు కూడా లేరు. అందరికీ గుహే కావాలి.

"వరద వస్తుందని నేను చెప్పానా?" అన్నాడు ఎలుగుబంటి. "మీరే తెస్తున్నారు. నేను తీసుకుంటున్నాను."

జంగయ్య వాగు ఒడ్డున ఉన్న తన మేడిచెట్టును ఇచ్చేశాడు. దాచుకున్న ఇప్పపువ్వంతా ఇచ్చేశాడు. అన్నిటికన్నా పెద్ద గుహ పుచ్చుకున్నాడు.

సూదమ్మకు కూడా భయం వేసింది. నీళ్ళు వస్తే పిల్లలకు ఈత రాదు. ఆమె గుట్టెక్కి గుహ ధర అడిగింది.

"ఒక్కటే మిగిలింది. కొంచెం ఇరుకు," అన్నాడు ఎలుగుబంటి. "నీ దుంపలన్నీ తెచ్చెయ్."

"అన్నీ ఇస్తే పిల్లలకేం పెట్టను?"

"అది నన్నడిగితే ఎలాగమ్మా. సాయంత్రం దాకా ఆగుతాను."

సూదమ్మ గుహలోకి తొంగి చూసింది. మునిగి పోవడమో, పస్తులుండి పోవడమో ఎంచుకోమంటున్నారు. ఇదంతా ఒక పిట్ట గుడ్లు పెట్టినందుకు. ఆ పిట్టనే అడిగితే పోతుంది కదా అనుకుంది. ఆ ఆలోచన ఇంకెవరికీ రాలేదు. తీతువు కూత అపశకునమని దాని దరిదాపులకు ఎవరూ పోయేవాళ్ళు కాదు.

సూదమ్మ ఇంకాస్త పైకెక్కింది. తీతువు గులకరాళ్ళ మధ్య నాలుగు గుడ్ల మీద కూర్చుని ఉంది.

"ఏం వదినా, ఇంత ఎత్తుకొచ్చి పెట్టావేం?"

తీతువు ఆశ్చర్యంగా చూసింది. దాన్ని ఎవరైనా పలకరించి చాలా కాలమైంది.

"పోయినేడు ఇసుకలోనే పెట్టాను. అడవిపందులు గడ్డల కోసం తవ్వుకుంటూ వచ్చి నాలుగూ తొక్కేశాయి. ఈ రాళ్ళలోకి అవి రావు."

"అంతేనా? వరద సంగతి?"

"వరదేమిటి?"

"వానలు విరగబడతాయని నీకు ముందే తెలిసిందట."

"నాకా? నీకెంత తెలుసో నాకూ అంతే తెలుసు. మబ్బు పడితే తడుస్తాను."

"మరి జంగయ్య నిన్ను అడగలేదా?"

"అల్లంత దూరం నుంచి చూసి పోయాడు. నేను నోరు తెరిస్తే అరిష్టం కదా."

సూదమ్మ దిగివచ్చి ఈ మాట సంతలో చెప్పింది. జంగయ్య నవ్వాడు.

"గుడ్లు పెట్టడం దాని పని, అక్కా. అర్థం చెప్పడం నా పని."

కొన్ని జంతువులు అతనితో పాటు నవ్వాయి. కొన్ని తలలు దించుకున్నాయి. అవి అప్పటికే ఉన్నదంతా ఇచ్చేశాయి మరి.

సూదమ్మ వాదించలేదు. వరద రాదని తీతువు చెప్పలేదు, తనకూ తెలియదు. తెలియనిదాని కోసం మూడు నెలల తిండి వదులుకోవడం మాత్రం ఆమెకు నచ్చలేదు. గట్టు పైన మరో చిన్న బొరియ తవ్వింది. పది రోజులకు సరిపడా దుంపలు అందులోకి చేర్చింది. ఎలుగుబంటికి గుహ వద్దని కబురు పంపింది.

మృగశిరతో పాటే వాన దిగింది. మూడు రోజులు వదలకుండా కురిసింది. సూదమ్మ బొరియ గుమ్మంలో కూర్చుని వాగునే చూసింది. నీళ్ళు ఇసుకను దాటాయి. ప్రతి ఏడూ తడిసే నల్లరాయిని తాకాయి. ఆమె పిల్లలిద్దరినీ పై బొరియకు చేర్చి మళ్ళీ వచ్చి కూర్చుంది. నీళ్ళు నల్లరాయి దగ్గరే ఆగాయి. నాలుగో రోజు పొద్దున చూస్తే జానెడు తగ్గాయి.

సూదమ్మ పిల్లల్ని కిందికి తెచ్చుకుంది. వాళ్ళకు చెరో దుంప ఇచ్చి, తానూ ఒకటి తిని, కాళ్ళు చాపుకుని మధ్యాహ్నం దాకా నిద్రపోయింది. నల్లబండల అడవీ, వెదురు అడవీ, గడ్డి మైదానం ఊపిరి పీల్చుకున్నాయి. ఆ ఏడు వాన ఎప్పటిలాగే పడింది.

తరవాతి సంతలో గుహలు అడిగే నాథుడు లేడు. అందరికీ తిండే కావాలి. ఎలుగుబంటి దగ్గర గుట్టగా పడి ఉన్న ఇప్పపువ్వు బూజు పడుతుంటే, గుహలు వెనక్కి తీసుకుని ఎవరిది వాళ్ళకు సగం ఇచ్చేశాడు. ఆ సగంతోనే వాళ్ళ ప్రాణాలు కుదుటపడ్డాయి. సూదమ్మ నాలుగు దుంపలు ఇచ్చి పిల్లలకు తేనెపట్టు తెచ్చుకుంది.

జంగయ్య మేడిచెట్టు మాత్రం తిరిగి రాలేదు. అది నిండా కాసింది. ఎలుగుబంటి దాని కిందే పడుకున్నాడు. దక్కిన సగం ఇప్పపువ్వు అయిపోయాక జంగయ్య రెండు రోజులు పస్తుండి, సూదమ్మ గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, రెండు దుంపలు పెడతావా?"

"ఊరికే పెట్టను. వానకు గుమ్మం దగ్గర మట్టి జారింది. తీసి అవతల పోస్తే పెడతాను."

జంగయ్య వంగి మట్టి తోడడం మొదలుపెట్టాడు. నాలుగు దోసిళ్ళు పోసి నడుం నిలబెట్టాడు.

"ఏదో ఈ ఏడు తప్పిపోయింది గానీ అక్కా, వచ్చే ఏడు మాత్రం..."

"ఎవరు చెప్పారు?"

జంగయ్య మళ్ళీ వంగాడు. మిగిలిన మట్టి తోడి, రెండు దుంపలు తీసుకుని, అక్కడే కూర్చుని తిన్నాడు.

నీతి: రేపటి గురించి గట్టిగా చెప్పేవాణ్ణి అది నీకెలా తెలిసిందని అడగాలి, భయపడిన పూట ఉన్నదంతా ఊడ్చి ఇవ్వకూడదు.