నాలుగో నంబరు ఇల్లు

దర్గా పెద్ద బాబా ఇంకా "సరే" అనలేదు. అదే జరీనా బాధంతా.

తుపానుకు సముద్రం ఒడ్డున మూడు పల్లెల్లో ఇళ్ల కప్పులు లేచిపోయాయి. ఇంటికో టార్పాలిన్ పట్ట ఇస్తామని దర్గా మాటిచ్చింది. దర్గా కుర్రాళ్లు పల్లెకొకరు చొప్పున వెళ్లి, మనిషి మనిషినీ అడిగి, పేరు, వయసు, ఇంటి నంబరు రాసుకొచ్చారు. ఆ మనుషుల్ని ఇళ్లకింద కూర్చి, మొత్తం ఎన్ని ఇళ్లో తేల్చే పని జరీనాది.

కంప్యూటర్లో ఆ లెక్క కట్టే సాఫ్ట్‌వేర్ ఆమెకు ఎవరూ నేర్పలేదు. ఫోన్లో వీడియోలు చూస్తూ, తప్పు కొట్టినప్పుడల్లా తెరమీద ఎర్రక్షరాల చీవాట్లు తింటూ తనే నేర్చుకుంది. ఒకే నంబరున్న వాళ్లందర్నీ ఒక ఇంటికింద చేర్చమని చెప్పింది. అది రెప్పపాటులో చేర్చేసింది. ఈసారి ఒక్క ఎర్రక్షరం కూడా రాలేదు.

పట్టల కొట్టాయన ఒకటే ఫోన్లు. "ఎన్ని ఎక్కించాలో చెప్పమ్మా. మళ్లీ వాన పట్టేట్టుంది, లారీ కదలాల."

బాబా మాత్రం కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

"ఈ నాలుగో నంబరు ఇంట్లో ఎంతమందమ్మా?"

"పదిహేడు మంది బాబా."

"అందులో ముసలమ్మలు?"

"ఐదుగురు."

"ఒకే ఇంట్లో ఐదుగురు ముసలమ్మలా! మరి గరిటె ఎవరి చేతిలో ఉందో?"

జరీనాకు ఒళ్లు మండింది. "ఉమ్మడి కుటుంబం బాబా. ఉండరా ఏంది? చేర్చింది నేను కాదు, కంప్యూటరు. అది తప్పు చెయ్యదు. మీరు సరే అంటే నేను ఫోన్ చేసుకుంటా."

"చేద్దువులే. ఇంతమంది కలిసుండే ఇల్లు ఈ రోజుల్లో ఎక్కడుంది? ఒక్కసారి కళ్లారా చూడాల. పిలిపించు."

జరీనా విసురుగా లేచింది. ఒకపక్క వాన ముంచుకొస్తుంటే ఈయనకి ముసలమ్మల ముచ్చట! దర్గా మైకు అందుకుని, "నాలుగో నంబరు ఇంటివాళ్లు వెంటనే దర్గాకు రావాలి" అని అరిచినంత పని చేసింది.

వచ్చారు. కొందరు ఉప్పు మళ్ల గట్టుమీద నుంచి, కొందరు సరుగుడు తోటలోంచి, కొందరు ఒడ్డు వెంబడి. ఒకరినొకరు పలకరించుకోలేదు. ఇంట్లో గొడవలేమో అనుకుంది జరీనా.

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. బాబా కొట్టువాళ్లు మచ్చుకిచ్చిన పట్టను ముంగిట్లోకి తెప్పించాడు. మూడు మూలలు కుర్రాళ్లకిచ్చి, నాలుగో మూల జరీనా చేతిలో పెట్టాడు.

"మీ ఇంటికి వచ్చేది ఇదేనమ్మా. అందరూ కిందికి రండి."

దూరారు. సగం మంది దూరేసరికే నిండిపోయింది.

"మేయ్, కాలు తొక్కబాకు!"

"నేనేడ తొక్కినా? ఇంతకీ నువ్వెవురు?"

"నేనెవురా? నాలుగో నంబరు. చిన్నరేవు."

"నాలుగో నంబరు మాది గదా! తోటపాళెంలో మా తలుపుమీద మీ దర్గా పిల్లోడే సుద్దతో రాసిపాయె."

వెనకనుంచి ఇంకో ముసలమ్మ గొంతు లేచింది. "మరి మా బంగారుమిట్టలో రాసిందేంది, సున్నానా? జరగండి, నా మనవరాలు తడిసిపోతా ఉంది."

జరీనా ఆ మూడు ముఖాల్నీ మార్చి మార్చి చూసింది. ఒకే నంబరున్న వాళ్లని చేర్చమంది గానీ, ఏ పల్లె అని కంప్యూటరుకు చెప్పనే లేదు.

వాన గట్టిపడింది. చంటిపిల్లను ఎత్తుకున్న ఒకామె లోపలికి తోసుకొస్తే, ఆ పక్కనుంచి ఒక తాత బయట పడ్డాడు. ఆయన వీపుమీద నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. తలకు తువ్వాలు చుట్టుకుని, అలాగే నిలబడ్డాడు.

జరీనా ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు... మిగతా ఇళ్లన్నీ ఆయన వెనక వానలో వరసగా వచ్చి నిలబడినట్టనిపించింది. భుజం లాగేస్తోంది. పట్టుకున్న మూల మెల్లగా కిందికి జారింది.

"చెయ్యి దించబాకమ్మా," అన్నాడు బాబా, తనూ తడుస్తూ. "నువ్వు కట్టిన ఇల్లు."