సాయవ్వ నేల గాలి

దండం పెట్టుకోండి తల్లులారా, మనందరినీ మోస్తున్న ఆ భూదేవికి. పెట్టుకున్నారా? అయితే వినండి. ఎప్పటి మాట అని మాత్రం అడగకండి. మా తాతకు తాత ఉయ్యాలలో ఉన్నప్పటికే ఇది పాత కథ.

అడవి అంచున ఒక ఊరు. ఎండాకాలం నిప్పుల కొలిమి, చలికాలం ఎముకలు కొరికే చలి. ఆ ఊళ్లో కుండలు చేసే సాయవ్వ, ఆమె కోడలు నర్సు. నర్సు మొదటి బిడ్డను ఎండ తీసుకుపోయింది. రెండో బిడ్డను చలి తీసుకుపోయింది. మూడో బిడ్డ కడుపులో ఉంది.

సాయవ్వ బంకమట్టి కోసం లోతు గొయ్యిలోకి దిగేది. ఎండాకాలం ఆ అడుగున చల్లగా ఉండేది. చలికాలం వెచ్చగా ఉండేది.

"పైన ఎట్లున్నా, అమ్మ ఒడి ఒక్కతీరే ఉన్నది నర్సూ. ఆ గాలిని నీ గదిలకు తెస్త."

ఇంటి వెనక దిన్నె నుంచి నర్సు గది దాకా లోతుగా కాలువ తవ్వింది. ఊరి పటేలు గుర్రం మీద వచ్చాడు.

"ఏందే, భూదేవి కడుపు చీలుస్తున్నవా?"

"బిడ్డను దాచుమంటే ఏ తల్లి కాదంటది పటేలా?"

"నేల పైన నాది. లోపల నాది. పూడ్చండ్రిరా."

కూలీలు పూడ్చారు. సాయవ్వ గడ్డపార అందుకుంది. "పూడ్చుకోండ్రి. నేను తవ్వుత."

తవ్వింది. మళ్లీ పూడ్చారు.

"పూడ్చుకోండ్రి. నేను తవ్వుత."

మూడోసారి తవ్వేసరికి పటేలుకు ఒళ్లు మండింది. దండోరా వేయించాడు. "రేపు ఆ కాలువ పూడుస్తం. ఆ తర్వాత అక్కడ గడ్డపార దించినోళ్లు ఎవరైనా సరే, చెయ్యి నరుకుతం."

సాయవ్వ విన్నది. విని నవ్వింది. అడుగులు తీసేసిన కుండలను ఒకదాని మూతిలో ఒకటి దూర్చి కాలువ పొడవునా పరిచింది. ఒక కొస దిన్నె మీద తేలింది, ఇంకో కొస నర్సు గదిలో. కుండలు కనబడకుండా మట్టి కప్పింది.

తెల్లారి కూలీలు వచ్చారు. పాపం, చెమటలు కారుస్తూ పూడ్చారు. సాయవ్వ గట్టున కూర్చుని, "ఆ మూల ఇంకో తట్టెడు పొయ్యండ్రయ్యా" అంది. పోశారు.

గది కప్పులో ఒక కన్నం పెట్టింది. లోపలి వేడి పైకి పోయింది. దాని వెనకే నేల గాలి కుండల్లోంచి గదిలోకి వచ్చింది. మండుటెండల్లో నర్సు ఆడపిల్లను కన్నది. పిల్ల చల్లగా నిద్రపోయింది. చలికాలం వచ్చింది. పిల్ల వెచ్చగా నిద్రపోయింది.

పటేలుకు సంగతి తెలిసింది. ఉరుక్కుంటూ వచ్చాడు.

"తవ్వి పగలగొట్టండ్రిరా."

ఎవరూ కదల్లేదు. కూలీల్లో పెద్దవాడు కొమురయ్య గడ్డపార కింద పెట్టాడు.

"తవ్వుతం పటేలా. ముందు ఎవరి చెయ్యి నరుకుతవో చెప్పు."

తన దండోరాను తానే కాదంటే రేపు ఊళ్లో ఎవరు భయపడతారు? పటేలు గుర్రం తిప్పుకుని పోయాడు.

సాయవ్వ బతికున్నన్నాళ్లూ అడిగినవాళ్ల ఇళ్లన్నిటికీ కుండలు పరిచింది. ఇవాళ్టికీ ఆ పక్క ఊళ్లలో కుండలు పరిచిన ఇంటివాళ్లు తమ చేత్తో మట్టి పొయ్యరు. ఇరుగుపొరుగు వచ్చి పూడుస్తారు. వాళ్లను "పటేలు కూలీలొచ్చిన్రు" అని ఆటపట్టించి, కడుపునిండా అన్నం పెడతారు. ఆ పటేలు పేరేమిటో మాత్రం ఎవరికీ గుర్తులేదు.

పురుడైన ఇంట్లో బిడ్డను మొదట ఆ కుండ మూతి దగ్గర, వట్టి నేల మీద పడుకోబెడతారు. అప్పుడు కన్నతల్లే అనాలి, వీధిలోకి వినబడేలా:

"సాయవ్వా, ఇది నా బిడ్డ. ఎండకియ్య. చలికియ్య. ఎవ్వరికీ ఇయ్య."