మడుగు దగ్గర కూర్చోనివ్వని బుద్రి

ఉప్పు కూడా కాలినడకన ఊరికి వచ్చే కాలం ఒకటుండేది. అప్పటి మాట ఇది. చెబుతాను, ఊ కొట్టండి.

కొండల మధ్య మా ఊరు. ఊరికి పైన మూడు మెట్టలు. మూడో మెట్ట మీద మడుగు. మడుగుకు పైన కనుమ. కనుమ దాటితే అవతల సంత. ఉప్పు కావాలంటే ఇదంతా ఎక్కాలి, ఇదంతా దిగాలి.

ఊళ్ళో బుద్రి అనే మనిషి ఉండేది. పొలం లేదు, మొగుడు లేడు, నిలకడ లేదు. కూర్చుంటే అరికాళ్ళు దురద పెడతాయనేది. పొయ్యి మీద అంబలి పెట్టి కొండెక్కేది. దిగేసరికి అంబలి మాడేది. మాడిన అంబలి తాగి మళ్ళీ ఎక్కేది. ఊరందరికీ ఉప్పు మోసి బతికేది. ఊరివాళ్ళు ఆమె తెచ్చిన ఉప్పు తిని ఆమెనే తిట్టేవాళ్ళు. ఆ పనికి మా ఊళ్ళో ఎప్పుడూ మనుషులు తక్కువ పడలేదు.

మడుగు దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. పైకి వచ్చినవాళ్ళందరూ గట్టున కూర్చోవాలి. మడుగుతల్లికి దోసెడు అంబలి పోయాలి. మంచు కమ్మితే అది విడిచేదాకా లేవకూడదు. లేస్తే తల్లికి కోపం. బుద్రి మాత్రం నిలబడే పోసేది, నిలబడే తాగేది.

"కూర్చోవే, నీ కాళ్ళు విరగ!" అనేవాడు ఊరిపెద్ద సన్యాసి దొర. పేరుకే సన్యాసి, ఇంట్లో ఇద్దరు పెళ్ళాలు.

"తల్లికి లేని పట్టింపు నీకెందుకు మామా?" అనేది బుద్రి.

ఒక ఏడు వానలు ముందే పడ్డాయి. ఊళ్ళో ఉప్పు అయిపోయింది. బుద్రి, సన్యాసి దొరలతో కలిపి పద్నాలుగు మంది బయలుదేరారు. మడుగు చేరేసరికి మంచు దిగింది. చాపిన చెయ్యి కనబడదు. వెనక వాగు పొంగింది. ముందు కనుమ దారి, దాని పక్కనే లోయ. పైన సన్నటి వాన, ఈదురుగాలి. కట్టుబాటు ప్రకారం అందరూ గట్టున కూర్చున్నారు.

కాసేపటికి పళ్ళు టకటకలాడాయి. ఇంకాసేపటికి ఆ చప్పుడూ ఆగింది. అప్పుడు బుద్రికి భయం వేసింది. చలికి కూర్చుండిపోయిన మేక వణకడం మానేస్తే ఏమవుతుందో ఆమె చూసి ఉంది.

"లేవండి! నీళ్ళు కుడిచేతి వైపు ఉంచుకుని నడవండి. మడుగు చుట్టూ చదునే, ఎవరూ తప్పిపోరు."

"తల్లికి కోపమొస్తే?"

"నా పేరు చెప్పండి."

ముందు ఆడవాళ్ళు లేచారు. వాళ్ళను చూసి మగవాళ్ళు లేచారు. అందరికన్నా ముందు మా వంశంవాళ్ళే లేచారట. మా ఇంట్లో అలాగే చెబుతారు. సన్యాసి దొర మాత్రం లేవలేదు.

బుద్రి ఒక చుట్టు తిరిగి వచ్చింది. "మామా, లే."

"పెద్దను నేనే కట్టుబాటు తప్పితే ఎలాగే?"

రెండో చుట్టు తిరిగి వచ్చింది. "మామా, లే."

"నిద్రొస్తోందే బుద్రీ."

మూడో చుట్టు తిరిగి వచ్చింది. మామ పలకలేదు. బుద్రి తన గొంగడి విప్పి అతనికి చుట్టింది. చెంప మీద ఒకటి వేసింది. ఇంకొకటి వేసింది. దొర కళ్ళు తెరిచాడు. మూడోది అవసరం లేకపోయినా వేసిందంటారు. అతన్ని లేపి, చంక కింద భుజం పెట్టి నడిపించింది.

నీళ్ళు కుడిచేతికి, నడువు. నీళ్ళు కుడిచేతికి, నడువు. పొద్దు వాలేదాకా అదే మాట. ఒక్కరినీ ఆగనివ్వలేదు. తను ఆగలేదు. చివరికి గాలి తిరిగింది. మంచు చీలింది. కనుమ కనబడింది. బుద్రి తలలు లెక్కపెట్టింది. తనతో కలిపి పద్నాలుగు.

"హమ్మయ్య" అని కూర్చుంది.

ఆమె కూర్చోవడం అంతవరకూ ఎవరూ చూడలేదు. అందుకని ముందు అందరికీ నవ్వొచ్చింది.

"ఏమే, ఇప్పటికి తీరిందా దురద?" అన్నాడు దొర. ఒంటి మీద ఇంకా ఆమె గొంగడే ఉంది.

బుద్రి పలకలేదు.

"లేవే బుద్రీ" అన్నాడు. మళ్ళీ అన్నాడు. మూడోసారి అనలేకపోయాడు.

ఆమెను గట్టునే పూడ్చి, పైన ఒక రాయి నిలబెట్టారు. కట్టుబాటు మార్చింది సన్యాసి దొరే. నేటికీ ఆ మడుగు దగ్గర ఎవరూ కూర్చోరు. నిలబడే అంబలి పోస్తారు. నీళ్ళు కుడిచేతికి ఉంచుకుని మూడు చుట్లు తిరిగి కనుమ ఎక్కుతారు. నడవలేని ముసలివాళ్ళను వీపున వేసుకుని తిప్పుతారు.

వానాకాలం పోయాక వెళ్ళి చూస్తే రాయి ఉన్నచోట ఉండదు. నాలుగడుగులు జరిగి ఉంటుంది. పశువులు తోసి ఉంటాయని నేనంటాను. అంత ఎత్తుకు పశువులెక్కడ వస్తాయని మిగతావాళ్ళు అంటారు. ఒరిగి ఉంటే నిలబెడతాం. వెనక్కి మాత్రం జరపం.