మంచు తీసేయమన్న మహారాజు

ఉత్తరాన, చలికాలం వస్తే సముద్రం కూడా గడ్డకట్టే ఒకానొక రాజ్యంలో ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. ఆయన కోట సముద్రపు ఒడ్డునే. దూరాన తాడెత్తున లేచే అలలు, తేలే మంచుపలకల్ని తోసుకుంటూ వచ్చి, ఒడ్డు చేరేసరికి పిల్లికూనల్లా అయిపోయేవి.

"చూశారా! నా చూపు తగిలి సముద్రమే జంకుతోంది" అని రాజు మీసం మెలేసేవాడు. పండితులు తలలూపేవారు.

ఒక ఏడు ఆయనకు కొత్త సరదా పుట్టింది. "నాకూ సముద్రానికీ మధ్య ఆ మంచు దేనికి? పగలగొట్టి లాగి పారేయండి" అన్నాడు.

ఒడ్డునున్న జాలరిపేట గొల్లుమంది. ఆస్థానంలో మాటకారి అని పేరుపడ్డ వకుళ పుట్టింది ఆ పేటలోనే. ఆమె కడుపు మండిపోయింది. నిండుసభలో లేచి నిలబడింది.

"మహారాజా, అల ఒక్కో పలకనూ ఎత్తి, వంచి, ఒరుసుకుంటూ రావాలి. పలక పలకకూ దాని బలం తగ్గుతుంది. చిన్న అలలు అంచులోనే చస్తాయి. పెద్దవి లోపలిదాకా వచ్చి సోలిపోతాయి. మంచు తీస్తే పేట మిగలదు."

"అంటే, సముద్రం నాకు జంకడం లేదంటావా?"

"అనే అంటున్నాను."

రాజు కళ్లెర్రజేశాడు. "రేపు మధ్యాహ్నమే మంచు తీయిస్తాను. పేట నిలిచిందా, నీకు దేశబహిష్కారం!"

"చిత్తం. మరి మొర పెట్టుకోడానికి వచ్చే జనం? వాళ్లూ తమరి చూపుకే జంకుతారా?"

"సందేహమా? కోట బయట పులుల్లా అరిచేవాళ్లు నా ముందు నోరు పెగలక నిలబడతారు!"

"అయితే వాకిలి వాకిలికీ ఆ భటులెందుకు? రేపు పొద్దున వాళ్లకు సెలవిప్పించండి."

పౌరుషం పొడుచుకొచ్చి రాజు సరేనన్నాడు.

మర్నాడు జాలరులు వచ్చారు. మామూలుగా అయితే ఒక భటుడు "మెల్లగా" అనేవాడు, ఇంకొకడు "వంగి నడు" అనేవాడు. ఆఖరి వాకిలి దాటేసరికి కేక కాస్తా గుసగుస అయ్యేది. ఇవాళ ఆపేవాడు లేడు. తెడ్లతో, శాపనార్థాలతో ఒక్క ఉరుకున సభలోకి వచ్చి పడ్డారు.

"మా ఇళ్లు ముంచుతావా?"

రాజు కిరీటం జారి దొర్లింది. ఆయన సింహాసనం వెనక్కి దూరి, "వకుళా! భటుల్ని పిలువు!" అని కేకేశాడు.

వకుళ కదల్లేదు. "జనం ఆ జనమే, చూపూ ఆ చూపే. మధ్యలో అడ్డు తీశాం, అంతే. వీళ్లయితే నేను ఆగమంటే ఆగుతారు. సముద్రం ఎవరి మాట వింటుంది మహారాజా?"

రాజు మెల్లగా తొంగి చూశాడు. ఒక ముసలి జాలరమ్మ ఇంకా తెడ్డు ఎత్తే ఉంది. ఆయనకు ముందు వణుకు, ఆ వెనకే నవ్వు వచ్చింది. పగలబడి నవ్వుతూ బయటికి వచ్చి, మంచు జోలికి పోనని అందరిముందూ మాటిచ్చాడు. మెడలోని ముత్యాలహారం తీసి వకుళ చేతిలో పెట్టాడు.

"ఇకనైనా భటుల్ని రమ్మనవే తల్లీ!"

"రమ్మంటాను గాని, అందరినీ కాదు" అంది వకుళ హారం మెడలో వేసుకుంటూ. "జనం కేక తమరిదాకా కాస్తయినా చేరాలి కదా!"