కుమ్మరి నూకాలు పోసిన రైలుకట్ట

ఒకానొక సంస్థానంలో, దొరలు మన సీమకు కొత్తగా రైలు వేస్తున్న రోజుల్లో, వీరభూపతి అనే రాజు ఉండేవాడు. తన ఎదుట ఎవరూ తనకన్నా ఎత్తులో కూర్చోకూడదని ఆయన ఆజ్ఞ.

పట్టాలు తన పొలిమేరకు వస్తున్నాయని తెలియగానే సర్వే దొరను పిలిపించాడు.

"రైలు మా కోట ముందే ఆగాలి!"

"భూమి తమది, ఎటు చెబితే అటు వేస్తాం. పడమటి బీడు మీదుగా అయితే తిన్నగా పోతుంది."

"బీడులోనా? మా హోదా ఏం కాను?"

కోట ముందు కుమ్మరిపాలెం ఉంది. నలభై ఇళ్లు. వాటి మధ్య గుర్తుమేకులు దిగాయి.

పాలెం పెద్ద నూకాలు మూడు రోజులు కోటకు తిరిగింది. బంట్రోతులు గెంటేశారు. నాలుగో రోజు గుమ్మంలోనే కూర్చుని, "చంపినా కదలను" అంది. చివరికి రాజు లోపలికి రానిచ్చాడు.

ఆమె ఇళ్ల ఊసే ఎత్తలేదు. "రైలుకట్ట ఎలా ఉంటుందో ప్రభువులకు ముందే చూపిస్తాం. సెలవిప్పించండి" అంది. రాజు ఉబ్బిపోయి సరేనన్నాడు.

కట్ట ఎత్తు ఎంతని ఆమె దొరనే అడిగింది. "ఇది పల్లం. ఏరు పొంగితే మునుగుతుంది. మూడు నిలువుల ఎత్తున మట్టి పోయాలి" అన్నాడు దొర.

"మన కొంపలు తీసే కట్ట మనమే పొయ్యాలా పిన్నీ?" అన్నారు పాలెం వాళ్లు.

"పొయ్యాలి. జానెడు కూడా తగ్గకూడదు."

అయిదు రోజులు కోట ఎదుట మట్టితట్టలు మోశారు. ఆరోనాటి పొద్దున రాజు కొలువుదీరి, తలెత్తి చూశాడు. కోటగోడకు పైన, మట్టికట్ట కొసన, పీట మీద నూకాలు కాళ్లు వేలాడేసుకుని తమలపాకులు మడుస్తోంది!

"ఏమే నూకాలూ! మా నెత్తిమీద కూర్చుంటావా? దిగు!"

"మూడో తరగతి ప్రయాణికురాలిని ప్రభూ! కట్టే ఇంత. దాని మీద బండి, బండిలో బల్ల. తమరు గద్దె మీదున్నా, నాకు తలపాగా మడతలే కనిపిస్తున్నాయి."

"కొరడా తెండిరా!"

అయినా నూకాలు దిగలేదు.

"ఇవాళ నన్ను కొట్టిస్తారు. రేపు బండి నిండా వందలమంది వస్తారు. టిక్కెట్టు కొన్నవాళ్లను ఎందరిని కొట్టిస్తారు ప్రభూ?"

రాజు దొరవైపు తిరిగాడు. "రోజుకెన్ని బండ్లు?"

"పోను రెండు, రాను రెండు."

రాజు పైకి చూసి చూసి, మెడ నొప్పి పుట్టి, ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"గెలిచావే నూకాలూ! దొరా, బీడులోనే వెయ్యండి. నీకేం కావాలో కోరుకో."

"స్టేషనులో మంచినీళ్ల కుండలన్నీ మా పాలెంవే ఉండాలి."

"ఇచ్చాం. ఇక దిగు!"

"ఆ రెండు మాటలూ కాగితం మీద రాయించి ముద్ర వేయించండి ప్రభూ. అందాకా నాకిక్కడ గాలి బాగానే ఉంది."

రాజు మళ్లీ నవ్వుతూ ముద్రుంగరం తీశాడు. కాగితం చేతికందాకే నూకాలు కట్ట దిగింది.