బదులు రాని రేడియో

నల్లకొండల నడుమ ఇప్పలవనమనే అడవి ఉండేది. అందులో కణుజులనే పెద్ద దుప్పులు, కొండముచ్చులు, ముంగిసలు, ఉడుతలు, కుందేళ్ళు కాపురముండేవి. అడవి మధ్యగా పాలవాగు పారేది. వేసవిలో పిల్లలు కేరింతలు కొట్టే ఆ వాగే, వానకాలంలో ఒడ్డునున్న బొరియలను ముంచెత్తేది.

అందువల్ల అడవిలోని పడుచు జంతువులు తమంతట తామే వరద కాపలాకు పూనుకున్నాయి. ఎగువ మలుపున ఒకరు, నడిమి రేవున ఒకరు, దిగువ ఒడ్డున ఒకరు నిలబడేవారు. ఎగువవారు కేక వేస్తే నడిమివారు అందుకొని దిగువకు చేరవేయాలి. అయితే ఉరుముల హోరులో ఆ కేకలు తరచు వినబడేవి కావు.

దిగువ ఒడ్డున కాపలా కాసేది తాయమ్మ అనే ముంగిస. దాని బొరియ కూడా అక్కడే ఉన్నది. ఆ ఏటి తొలకరికే అది పిల్లలను కన్నది. పిల్లలింకా కళ్ళు తెరవలేదు. మబ్బు పట్టినప్పుడల్లా తాయమ్మ బొరియ ముందుకు వచ్చి నిలబడేది. కేక వినబడకపోతే పిల్లల గతి ఏమిటని బెంగపడేది.

ఒకనాడు గోరింక వర్తకుడు ఊరి పొలిమేర నుండి చేతి రేడియోలు తెచ్చాడు. మీట నొక్కి మాట్లాడితే అవతలివారికి వినబడుతుంది. మీట వదిలితే వారి బదులు మనకు వినబడుతుంది. వాటికి వెలగా తేనెపట్టులు ఇవ్వాలి.

అడవికి పెద్ద అయిన కణుజు అందరినీ పిలిపించి, "కాపలావారు ఎవరి రేడియోను వారే కొనుక్కోవాలా, అడవి అంతా కలిసి కొనాలా?" అని అడిగింది.

భోగేశమనే పడుచు కొండముచ్చు ముందుకు వచ్చింది. "ఎవరిది వారే కొనుక్కోవాలి, తాతా! అడవికి భారముండదు. అయినా పదిమంది ఎంగిలి చేసినదాన్ని నేను నోటి దగ్గర పెట్టుకోను."

ఉడుత తల వంచుకొని, "నాకు తేనెపట్టు ఎక్కడిది మామా? కొనలేనివారు కాపలాకు రాకూడదా?" అన్నది.

"వస్తే రా! చెట్టెక్కి కిచకిచమను, చాలు!" అని కొండముచ్చు పకపక నవ్వింది.

తాయమ్మకు ఒళ్ళు మండింది. "కాపలా అడవిది. రేడియో కూడా అడవిదే కావాలి. ఒకే రకానివి కొని కాపలా చోట్లలోనే ఉంచుదాం. వంతు వచ్చినవారు తీసుకుంటారు."

కణుజుకు ఈ మాట నచ్చింది. అడవి ఉమ్మడి తేనెతో రేడియోలు కొన్నారు. కణుజు ఒక కట్టుబాటు కూడా పెట్టింది. "కాపలాలో నిలబడగానే ఒకరినొకరు పలకరించుకోవాలి. బదులు వినేదాకా చెప్పిన మాట చెప్పనట్టే. పలుకు రాని చోట ప్రమాదమున్నదని తలచండి."

కొండముచ్చు మాత్రం తళతళలాడే పెద్ద రేడియోను సొంతానికి కొనుక్కున్నది.

"బాగున్నది నాయనా! మా రేడియోలతో మాట్లాడుతుందా? ఒక్కసారి పలికి చూడు," అన్నది తాయమ్మ.

"కొండల అవతలి కబుర్లే తెస్తుంది పిన్నీ, ఈ వాగు దాటలేదా? పరీక్షలు నీ పిల్లలకు పెట్టుకో!" అని కొండముచ్చు తోక ఝాడించి వెళ్ళిపోయింది.

మరునాడు ఎగువ మలుపున కాపలా వంతు దానిదే. తొర్రలో ఉంచిన అడవి రేడియోవైపు అది కన్నెత్తి చూడలేదు.

తెల్లవారినప్పటి నుండి వాన జోరుగా కురుస్తున్నది. తాయమ్మ మీట నొక్కి, "ఎగువ మలుపూ, పలుకు!" అన్నది. బదులు లేదు. మళ్ళీ పిలిచింది. గరగరమని శబ్దమే తప్ప పలుకు లేదు.

"నడిమి రేవు పలుకుతున్నది పిన్నీ!" అన్నది ఉడుత. "నాకూ ఎగువ నుండి ఏమీ వినబడలేదు."

తాయమ్మ వాగువైపు చూసింది. నీరు ఒడ్డుకు దిగువనే ఉన్నది. పక్క బొరియలోని కుందేలు తల బయట పెట్టి, "భోగేశం నిద్రపోయి ఉంటుంది వదినా. ఇంత వానలో పసికూనలను బయటకు తీస్తే చలికే పోతాయి," అన్నది.

తాయమ్మ బొరియలోకి తొంగి చూసింది. తీస్తే చలి, ఉంచితే వరద! పలుకు రాని చోట ప్రమాదమున్నదన్న కణుజు మాట గుర్తుకు వచ్చింది. ఇక అది ఆలోచించలేదు. "వదినా, నీ పిల్లలను కూడా తీయి! ఉడుతా, నువ్వూ గట్టెక్కు!" అని రేడియో మీట నొక్కి అరిచి, గట్టెక్కుతున్నానన్న ఉడుత బదులు వినగానే ఒక పిల్లను మెడ దగ్గర కరచుకొని గుట్ట మీది రాతిగుహకు పరుగెత్తింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పరుగెత్తింది. కుందేలు సణుగుతూనే తన పిల్లలతో వెంట నడిచింది. చివరి పిల్లతో తాయమ్మ గుట్ట ఎక్కుతుండగా ఎర్రనీరు ఒడ్డు దాటి, దాని తోకను తడిపింది. వెనుదిరిగి చూస్తే బొరియ లేదు.

ఎగువ మలుపున కొండముచ్చు ఆ వరదను అందరికంటే ముందే చూసింది. "వరద! వరద!" అని తన రేడియోలో అరిచింది. రేడియోలో మాట నడిచే దారి, అంటే ఛానల్, దానిది వేరు, అడవి రేడియోలది వేరు. ఒక్కరికీ వినబడలేదు. బదులు కోసం ఆగే అలవాటు దానికి లేదు. చెప్పేశానని బండమీద కాలుమీద కాలు వేసుకొని కూర్చున్నది. అంతలో నీరు చుట్టుముట్టింది. చెట్టెక్కే తొందరలో రేడియో జారి వాగు పాలయింది.

వరద తీసిన తరువాత కొమ్మను కరచుకొని వణుకుతున్న దాన్ని అందరూ కలిసి దించారు.

"నేను ముందే చెప్పాను! అందరికంటే ముందు నేనే చెప్పాను!" అన్నది కొండముచ్చు.

తాయమ్మ తన పిల్లలను పొట్ట కిందికి పొదువుకొంటూ, "ఎవరికి చెప్పావు నాయనా?" అని అడిగింది.

కొండముచ్చు తన రేడియో కొట్టుకుపోయిన వాగువైపు చూసి తల దించుకున్నది. ఆ వానకాలమంతా కాపలాలో దాని వంతును ఉడుతకు ఇచ్చారు.

నీతి: పదిమంది మేలు కోసం పూనుకొన్న పనిలో పదిమందితో కలవని సాధనం ఎంత గొప్పదైనా వ్యర్థమే.